పెళ్లిలో పంచే సిగరెట్ వెనుక జపాన్ పౌరసత్వం గుట్టు.. చైనా 'స్వదేశీ' పొగాకు కింగ్ జియాన్ జావోనాన్ కథ తెలుసా?

చైనాలో పెళ్లికి వెళ్తే భోజనాల బల్ల మీద స్వీట్లతో పాటు సిగరెట్ ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. చాలాచోట్ల పెళ్లికూతురే ఒక్కో అతిథి దగ్గరకు వెళ్లి సిగరెట్ వెలిగించడం ఆచారం. మన దగ్గర తాంబూలం ఇచ్చినట్టు అన్నమాట. సిటీల్లో ఇది ఇప్పుడు కాస్త తగ్గుతోంది కానీ పూర్తిగా పోలేదు.

ఆ ప్యాకెట్ చాలాసార్లు ఎర్రగా ఉంటుంది. ఆనందం అనే అర్థం వచ్చే చైనా అక్షరాన్ని పక్కపక్కనే రెండుసార్లు కలిపి రాసిన గుర్తు దాని మీద ఉంటుంది. పెళ్లిళ్లప్పుడు తలుపులకు, గోడలకు ఎర్ర కాగితం మీద కత్తిరించి అంటించే గుర్తు కూడా అదే. బ్రాండ్ పేరూ అదే. చైనా భాషలో షువాంగ్‌షీ, ఇంగ్లిష్‌లో డబుల్ హ్యాపీనెస్. టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లకు డీహెచ్‌ఎస్ అనే బాల్ కంపెనీ తెలిసే ఉంటుంది. దాని పేరు కూడా ఇదే, కానీ ఆ కంపెనీ వేరు. కన్ఫ్యూజ్ అవ్వొద్దు.

ఈ సిగరెట్‌ను వందేళ్ల క్రితం మార్కెట్లోకి తెచ్చిన మనిషి పేరు జియాన్ జావోనాన్. హాంకాంగ్ వైపు వాళ్లు కాన్ చియు నామ్ అని పలుకుతారు. చైనావాళ్లు చైనా సిగరెట్లే కాల్చాలని ఊరూరా ప్రచారం చేసి, ప్రపంచంలోనే అతి పెద్ద విదేశీ పొగాకు కంపెనీని ఎదిరించి, దేశంలో స్వదేశీ వ్యాపారానికి పెద్ద పేరైపోయారు. అయితే ఒక్కటే చిక్కు. అలా ప్రచారం చేసిన ఏళ్లలో చాలా భాగం ఆయన చట్టప్రకారం చైనా పౌరుడు కాదు, జపాన్ పౌరుడు!

ఇదేదో చిన్న విషయం అనుకోవద్దు. ఆ రోజుల్లో చైనాలో జపాన్ పేరు చెబితేనే జనం మండిపడేవారు. ఆ సంగతి బయటపడ్డాక ఏం జరిగిందో తర్వాత చూద్దాం. ముందు అసలు ఈయన ఎక్కడివాడో చూద్దాం.

జియాన్ 1870లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, ఫోషాన్ దగ్గర పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఇంట్లో ఇబ్బందులు. పదిహేడేళ్ల వయసులో హాంకాంగ్‌లో వ్యాపారం చేస్తున్న బాబాయ్ దగ్గర పనికి చేరారు. ఆ బాబాయ్‌ని గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తారు. అక్కడి నుంచి జపాన్‌లోని కోబె రేవుకు వెళ్లారు. జపాన్ భాష నేర్చుకున్నారు, సొంతంగా సరుకుల వ్యాపారం మొదలుపెట్టారు. తమ్ముడు జియాన్ యూజియే కూడా వచ్చి కలిశారు. తమ్ముడు ఐదేళ్లు చిన్న. ఇద్దరి మనస్తత్వాలు వేరు. అన్న లెక్కల మనిషి, తమ్ముడిది ఆవేశం ఎక్కువ. ఆ తేడా తర్వాత ఒకసారి కంపెనీ భవిష్యత్తునే తేల్చింది.

వ్యాపారం పెరిగాక అన్న చూపు ఓడల మీద పడింది. జపాన్‌లో ఓడ రిజిస్టర్ చేయించాలంటే అక్కడి పౌరసత్వం ఉంటే సులువు. దాంతో 1902లో జపాన్ పౌరసత్వం తీసుకున్నారు. మత్సుమోతో షోనాన్ అనే జపాన్ పేరు కూడా పెట్టుకున్నారు. అప్పట్లో రేవు పట్టణాల్లో తిరిగే వ్యాపారులకు ఇది మరీ వింతేమీ కాదు. ఏ దేశం కాగితం పనికొస్తే ఆ కాగితం దగ్గర పెట్టుకునేవారు. పదిహేడేళ్ల తర్వాత ఆ కాగితమే తన పీకల మీదకు వస్తుందని ఆయనకు అప్పుడు తెలియదు.

సరిగ్గా అదే 1902లో ఇంకో పని జరిగింది. అమెరికా, బ్రిటన్ పొగాకు కంపెనీలు తమలో తాము కొట్టుకోవడం ఆపేసి, బయటి ప్రపంచం మొత్తాన్ని కలిసి పంచుకుందామని ఒక కంపెనీ పెట్టాయి. అదే బ్రిటిష్ అమెరికన్ టొబాకో, పొట్టిగా బ్యాట్. దాని వెనుక ఉన్న అమెరికా కోటీశ్వరుడు జేమ్స్ డ్యూక్ గురించి పొగాకు వ్యాపారంలో ఒక కథ చెప్పుకుంటారు. రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టే మెషీన్ వచ్చిందని తెలియగానే ఆయన అట్లాస్ తెప్పించుకున్నారట. మ్యాపుల కింద జనాభా అంకెలు చూసుకుంటూ పేజీలు తిప్పి, 43 కోట్లు అని రాసి ఉన్న పేజీ దగ్గర ఆగారట. అది చైనా పేజీ. నిజంగా అలాగే జరిగిందో లేదో గానీ, బ్యాట్ చైనాలోకి దిగిన తీరు చూస్తే నమ్మాలనిపిస్తుంది. ఊళ్లలో గోడల నిండా పోస్టర్లు, వీధుల్లో ఫ్రీ శాంపిళ్లు, అందమైన అమ్మాయిల బొమ్మలతో రంగుల క్యాలెండర్లు. మన కిరాణా కొట్లు ఇచ్చే క్యాలెండర్ ఉంటుంది కదా, ఐడియా అదే. ఏడాదంతా గోడ మీదే యాడ్.

మరి ఇంత పెద్ద కంపెనీ ముందు ఒక మామూలు వ్యాపారికి చోటెలా దొరికింది? ఆ చోటు అమెరికా ప్రభుత్వమే ఇచ్చిందనాలి. చైనా కూలీలు తమ దేశంలోకి రాకుండా అమెరికా కఠినమైన చట్టాలు చేసింది. దానికి నిరసనగా 1905లో చైనా నగరాల్లో అమెరికా సరుకు బహిష్కరణ మొదలైంది. అమెరికా సిగరెట్లు కొనొద్దని సభలు, కరపత్రాలు, ఊరేగింపులు. అదే ఏడాది మన దగ్గర బెంగాల్ విభజనపై స్వదేశీ ఉద్యమం రేగింది. రెండు దేశాల్లో ఒకేసారి విదేశీ సరుకు మీద తిరుగుబాటు అన్నమాట.

బహిష్కరణ అయితే చేశారు. కానీ అలవాటైన వాళ్లు కాల్చడం మానలేదు కదా! మరి ఏది కొనాలి? అన్నదమ్ములిద్దరూ ఆ ఖాళీని పట్టుకున్నారు. 1905లో లక్ష డాలర్ల పెట్టుబడితో హాంకాంగ్‌లో కంపెనీ పెట్టారు. పేరు నాన్‌యాంగ్. దక్షిణ సముద్రం అని అర్థం. ఇప్పటి మలేసియా, ఇండోనేసియా, థాయ్‌లాండ్ వైపు ప్రాంతాలను చైనావాళ్లు అలాగే పిలుస్తారు. కంపెనీ కస్టమర్లు ఎక్కడుండబోతున్నారో పేరులోనే పెట్టేశారు. మెషీన్లు మాత్రం జపాన్ నుంచే తెచ్చారు.

మొదట్లో తెచ్చిన బ్రాండ్లలో వైట్ క్రేన్ అంటే తెల్ల కొంగ ఒకటి. ఈ డబుల్ హ్యాపీనెస్ కూడా ఆ తొలి రోజులదే, 1906 నుంచి ఉన్న బ్రాండ్‌గా చెబుతారు. కొంగ బొమ్మ సిగరెట్ మీద బ్యాట్ వెంటనే కేసు పెట్టింది. ప్యాకెట్ తమ ప్యాకెట్‌లాగే ఉందని ఫిర్యాదు. హాంకాంగ్ బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉంది. తీర్పు ఎటు వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. సరుకు తగలబెట్టాల్సి వచ్చింది. ఈలోగా బహిష్కరణ వేడి చల్లారింది, జనం మళ్లీ పాత బ్రాండ్లకు వెళ్లిపోయారు. 1908లో నాన్‌యాంగ్ మూతపడింది.

ఇక్కడ మళ్లీ ఎంట్రీ ఇచ్చింది ఆ బాబాయే. డబ్బు సర్ది కంపెనీని నిలబెట్టారు. 1909లో మళ్లీ మెషీన్లు తిరిగాయి. ఈసారి పేరులో బ్రదర్స్ చేరింది. నాన్‌యాంగ్ బ్రదర్స్ టొబాకో కంపెనీ.

1911లో చైనాలో రాచరికం కూలింది. బయటి దేశాల్లో ఉన్న చైనావాళ్లలో ఒక్కసారిగా దేశాభిమానం పొంగింది. సింగపూర్, బ్యాంకాక్, జావాల్లో ఊరికి దూరంగా బతుకుతున్నవాడికి సొంతూరి సిగరెట్ దొరికితే ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉండే మనవాళ్లను అడిగితే చెబుతారు. నాన్‌యాంగ్ అమ్మకాలు అక్కడే పుంజుకున్నాయి. ఆ డబ్బుతోనే కంపెనీ 1915లో చైనా నేల మీద అడుగుపెట్టింది. మొదట గ్వాంగ్‌జౌ, తర్వాత షాంఘై.

అసలు ఫైట్ అప్పుడే మొదలైంది. 1915లో జపాన్ ప్రభుత్వం చైనా ముందు 21 డిమాండ్లు పెట్టింది. దేశాన్ని దాదాపు తాకట్టు పెట్టమన్నంత పని. దాంతో ఈసారి బహిష్కరణ జపాన్ సరుకు మీదకు మళ్లింది. బ్యాట్‌కు ఇదే అవకాశమైంది. నాన్‌యాంగ్‌ది పైకి చైనా పేరేగానీ లోపల జపాన్ సరుకేనని గ్వాంగ్‌జౌలో ప్రచారం మొదలుపెట్టింది. నాన్‌యాంగ్ సిగరెట్లను బల్క్‌లో కొని, బూజు పట్టేదాకా దాచి, తర్వాత మార్కెట్లోకి వదిలేవారని నాన్‌యాంగ్ వాళ్లు ఆరోపించారు. కాల్చినవాడు థూ అని పారేసి మళ్లీ ఆ బ్రాండ్ జోలికి పోడు కదా, ప్లాన్ అది.

నాన్‌యాంగ్ కూడా ఊరుకోలేదు. అదే ఏడాది గ్వాంగ్‌డాంగ్‌లో పెద్ద వరదలొస్తే సాయం పంపింది. ఆ సాయం ఎవరు పంపారో అందరికీ కనబడేలా కంపెనీ జెండాలు కట్టి మరీ పంపింది. పుణ్యం, పబ్లిసిటీ రెండూ ఒకే పడవలో. చదువుకునే పిల్లలకు డబ్బులు, స్కూళ్లకు విరాళాలు.. ఇవన్నీ ఆ తర్వాత కూడా సాగాయి. 1920 ప్రాంతంలో విద్యార్థులను విదేశాలకు పంపి చదివించారు కూడా. ఇదంతా సిగరెట్లు అమ్ముకోవడానికేనా అంటే, పూర్తిగా అలా అనలేం. చదివించిన పిల్లలందరూ సిగరెట్ ఏజెంట్లు అయిపోలేదు కదా.

ఇక్కడ మన తెలుగువాళ్లకో లింక్ ఉంది. బ్యాట్ చైనాలో సిగరెట్లు అమ్మడంతో ఆగలేదు. షాన్‌డాంగ్ రైతులకు అమెరికా వర్జీనియా పొగాకు విత్తనాలిచ్చి 1913 నుంచి అక్కడే సాగు చేయించింది. సరిగ్గా ఆ టైమ్‌లోనే ఇదే బ్యాట్ గ్రూపు ఇండియాలోనూ దిగింది. 1910లో కోల్‌కతాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పెట్టింది. ఇప్పటి ఐటీసీ అదే. ఆకు కొనడానికి 1912లో ఐఎల్‌టీడీ వచ్చింది. గుంటూరు, చీరాల వైపు పెద్దవాళ్లకు ఈ పేరు చెబితే చాలు, మిగతా కథ వాళ్లే చెబుతారు. ప్రకాశం జిల్లా దారిలో ఇప్పటికీ కనిపించే పొగాకు బ్యారన్ల వెనుక ఉన్నదీ ఆ వర్జీనియా ఆకే. హైదరాబాద్‌లో 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో, అంటే మన వీఎస్టీ, చార్మినార్ సిగరెట్ల కంపెనీ.. అందులోనూ ఒక పెద్ద వాటా బ్యాట్‌దే. రోజూ వీఎస్టీ జంక్షన్ మీదుగా వెళ్లే ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

అంటే జియాన్ ఎదుర్కొన్నది ఎంత పెద్ద కంపెనీనో ఇప్పుడర్థమైంది కదా. ఆయనకూ అర్థమైంది. అందుకే 1917లో ఎవరూ ఊహించని పని చేశారు. బ్యాట్‌తో కలిసిపోదామని బేరాలు మొదలుపెట్టారు!

స్వదేశీ అని ఊరంతా చాటిన మనిషి శత్రువుకే కంపెనీ అప్పగిస్తారా? తమ్ముడు యూజియే అస్సలు ఒప్పుకోలేదు. కుటుంబంలో మిగతావాళ్లు కూడా తమ్ముడి వైపే నిలబడ్డారు. అన్నదమ్ముల మధ్య నడిచిన ఉత్తరాలు కంపెనీ రికార్డుల్లో మిగిలాయి. 1950ల చివర్లో షాంఘైలో ఆ రికార్డులను పుస్తకంగా కూడా వేశారు. అన్న లెక్క సింపుల్. అవతలివాడి దగ్గర డబ్బుంది, ఆకుంది, మెషీన్లున్నాయి, ధరలు తగ్గించి ఏళ్ల తరబడి నష్టం భరించగలడు. మనం భరించలేం. కలిస్తే కనీసం ఇల్లు నిలబడుతుంది. తమ్ముడి లెక్క వేరు. జనం మన సిగరెట్ కొంటున్నదే మనది చైనా కంపెనీ అని. ఆ పేరు పోయాక ఇంక మన దగ్గర అమ్మడానికి ఏముంది?

వ్యాపారం తెలిసినవాడెవరంటే అన్న అనే అందరూ అంటారు. కానీ ఈ ఒక్క విషయంలో తమ్ముడే కస్టమర్‌ని బాగా చదివాడని మాకనిపిస్తుంది. బేరం కుదరలేదు. బదులుగా కంపెనీని లిమిటెడ్ కంపెనీగా మార్చి, షేర్లు బయటివాళ్లకు అమ్మి పెట్టుబడి తేవాలని నిర్ణయించారు. 1919లో కోటిన్నర యువాన్ల పెట్టుబడితో భారీ కంపెనీగా మారే ప్లాన్. అంతా సెట్.

అప్పుడు పేలింది బాంబు.

1919 మే నెల. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులను పారిస్‌లో పెద్ద దేశాలు జపాన్‌కు కట్టబెట్టాయి. మే 4న బీజింగ్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ మంట దేశమంతా పాకింది. జపాన్ సరుకు కనిపిస్తే తగలబెడుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడే ప్రత్యర్థులు జియాన్ జపాన్ పౌరసత్వం సంగతిని బయటికి లాగారు. మత్సుమోతో అనే పేరు, 1902 నాటి కాగితం.. అన్నీ బయటికొచ్చాయి. ప్రభుత్వం నాన్‌యాంగ్ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసింది. ఇది చైనా కంపెనీ కాదని ప్రభుత్వమే చెప్పినట్టయింది.

నాలుగేళ్లుగా ప్రత్యర్థులు చేసిన ప్రచారంలో కొంత నిజం ఉందని తేలిపోయింది. మెషీన్లు జపాన్‌వి, యజమాని కాగితాల్లో జపాన్ పౌరుడు. మంచి రకం ఆకు చాలావరకు అమెరికా నుంచి దిగుమతి. మరి ఇందులో చైనాది ఏముంది?

ఉన్నది లేకపోలేదు. పెట్టుబడి చైనావాళ్లది. ఫ్యాక్టరీల్లో వేల మంది పనివాళ్లు చైనావాళ్లు, అందులో ఆడవాళ్లు చాలామంది. లాభం చైనాలోనే తిరిగేది. హెనాన్, అన్‌హుయి, షాన్‌డాంగ్ రైతుల దగ్గర ఆకు కొనడం కూడా అప్పటికే మొదలైంది. అయితే ఈ లెక్కలన్నీ వివరించే టైమ్ అది కాదు. జియాన్ చేయగలిగింది ఒక్కటే, అదే చేశారు. జపాన్ పౌరసత్వం వదిలేసుకుని, మళ్లీ చైనా పౌరుడిగా నమోదయ్యారు. అదే ఏడాది రిజిస్ట్రేషన్ తిరిగొచ్చింది.

ఆశ్చర్యం ఏంటంటే కంపెనీ కూలిపోలేదు. ఇంకా పెరిగింది. షేర్లు అమ్ముడయ్యాయి. జనం క్షమించారా, లేక బ్యాట్ మీద కోపం ముందు ఇది చిన్నదిగా కనిపించిందా? రెండూ కొంత కొంత అయ్యుంటాయి. విదేశీ కంపెనీకి ఎదురుగా నిలబడిన పెద్ద చైనా బ్రాండ్ దాదాపు ఇదొక్కటే. దీన్ని కూడా వదిలేస్తే మిగిలేది బ్యాటే.

జియాన్ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. 1923లో షాంఘైలో కన్నుమూశారు. వయసు 53. పగ్గాలు తమ్ముడి చేతికి వచ్చాయి. 1925లో షాంఘైలో బ్రిటిష్ ఆధీనంలోని పోలీసులు ఆందోళనకారులపై కాల్పులు జరిపారు. బ్రిటిష్ సరుకు మీద మళ్లీ బహిష్కరణ. నాన్‌యాంగ్ సిగరెట్లకు డిమాండ్ ఆకాశానికి వెళ్లింది. కానీ ఆ ఊపు నాలుగేళ్లు కూడా నిలవలేదు. పన్నులు పెరిగాయి, లోపలి అవకతవకలు పెరిగాయి. 1930కల్లా షాంఘై ఫ్యాక్టరీ మూతపడే దాకా వచ్చింది. అన్న ఉండి ఉంటే ఈ లెక్కలు ఇంత గాడి తప్పేవి కావేమో. 1937లో కంపెనీ పగ్గాలు చియాంగ్ కైషేక్ బావమరిది టి.వి. సూంగ్ చేతికి వెళ్లిపోయాయి. బ్యాట్‌కు అమ్మకూడదని అంత పట్టుబట్టిన కుటుంబం చివరికి సొంత దేశపు అధికార వర్గం చేతిలో కంపెనీని పోగొట్టుకుంది. కమ్యూనిస్టులు వచ్చాక బ్యాట్ కూడా చైనా వదిలి వెళ్లింది. యూజియే మాత్రం కొత్త చైనాలోనే ఉండిపోయి 1957లో చనిపోయారు.

మరి ఆ బ్రాండ్? అది బతికింది. మామూలుగా కాదు, ముక్కలై మరీ బతికింది. హాంకాంగ్‌లో నాన్‌యాంగ్ కంపెనీ ఇప్పటికీ డబుల్ హ్యాపీనెస్ తయారు చేస్తోంది. దాని యాజమాన్యం ఇప్పుడు షాంఘై ప్రభుత్వానికి చెందిన గ్రూపుది. చైనాలోపల గ్వాంగ్‌డాంగ్‌లో షువాంగ్‌షీ, షాంఘైలో రెడ్ డబుల్ హ్యాపీనెస్ అని వేర్వేరుగా అమ్ముతారు. అవన్నీ ప్రభుత్వ పొగాకు సంస్థ కిందివే. ఒకప్పుడు విదేశీ కంపెనీ చూసిన ఆ 43 కోట్ల అట్లాస్ పేజీ ఇప్పుడు పూర్తిగా ప్రభుత్వం గుప్పిట్లో ఉంది. చైనాలో పొగతాగేవాళ్లు 30 కోట్లకు పైనే, అంటే ప్రపంచంలో పొగతాగేవాళ్లలో దాదాపు మూడోవంతు. ఏటా పది లక్షల మందికి పైగా పొగాకు వల్ల చనిపోతున్నారు. అప్పట్లో బ్యాట్, నాన్‌యాంగ్ పోటీపడి ఇంటింటికీ చేర్చిన అలవాటే ఇది. చైనా సిగరెట్ అయినా, విదేశీ సిగరెట్ అయినా ఊపిరితిత్తులకు పౌరసత్వం తేడా తెలియదు.

ఈ బ్రాండ్ ప్యాకెట్‌ను రెండుచోట్లా కొని పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. హాంకాంగ్‌లో చట్టప్రకారం ప్యాకెట్‌పై 85 శాతం మేర రోగాల బొమ్మలు, హెచ్చరికలు వేయాలి. మన దగ్గరా అంతే, 85 శాతం. అక్కడ ఆ జంట అక్షరానికి మిగిలే చోటు చాలా తక్కువ. సరిహద్దు దాటి చైనాలోకి వెళ్తే ప్యాకెట్ మీద బొమ్మల్లేవు, అక్షరాల్లో ఓ హెచ్చరిక మాత్రమే. ఎర్రటి అట్ట మీద జంట సంతోషం గుర్తు నిండుగా మెరుస్తూ ఉంటుంది. పెళ్లి బల్ల మీద స్వీట్ల పక్కన పెట్టేది ఆ ప్యాకెట్టే.